మేకు కొట్టరాదు

పర్లాకిమిడి రైలుగేటుకి ఇవతల
ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్ మా ఇల్లు.
ముప్పై రెండు అడుగుల పొడవున ఒకటే గది.
పన్నెండు మిషన్లు పోయినా
బల్లకాళ్ల గుంటలు గచ్చులో అలాగే ఉన్నాయి.
చీకట్లో ఉత్తకాళ్లకి ఒక్కొక్కటీ తెలుసు.

అన్న పోయాక వదినా నిరోషా వచ్చారు,
రెండు ట్రంకుపెట్టెలతో, ఒక గ్రైండరుతో.
మొదటి ఏడాది చీరే గోడ.
గాలొస్తే గోడ ఎగిరేది.
ఫ్యాను వేద్దామా అని ఎవరం ఎవర్నీ అడగలేదు,
చెమటలోనే పడుకున్నాం.

పదో తరగతి పిల్ల. ఒకనాడు అన్నం కలుపుతూ
ఎటో చూస్తూ అంది:
"బాబాయ్, నాకు తలుపక్కర్లేదు.
ఒక పక్కంటూ ఉంటే చాలు."

ఇల్లుగలాయన పాఢీబాబు ఇటుక మాట ఎత్తనివ్వలేదు.
ఒడియాలో రాయించిన కాగితాన్ని
తెలుగులో చదివి వినిపించాడు:
మేకు కొట్టరాదు, గచ్చు తవ్వరాదు.

విశాఖ నుంచి పార్సిల్ లారీలో దిగాయి
అయిదు అట్టపెట్టెలు, బల్లపరుపుగా.
రిక్షా తొక్కిన కొర్లయ్య అడిగాడు,
"లోపల ఏటుంది బాబూ, అద్దమా?"
గోడ అన్నాను.
నవ్వి, పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.

విప్పితే పలకలు, చెక్క చీలలు,
పొట్లంలో మరలు, వంగిన బుల్లి తాళంచెవి,
ఒక కాగితం. దానిమీద ఒక్క అక్షరం లేదు.
నోరు లేని మనిషి బొమ్మ, బాణాలు, అంతే.
నోటీసంటే ఒడియా, శుభలేఖంటే తెలుగు,
మందుచీటీ అంటే ఇంగ్లీషు అయిన ఈ ఊళ్లో
నీదే భాష అని అడగని మొదటి కాగితం అది.
అందుకేనేమో
నలుగురం నాలుగు రకాలుగా చదివాం.

మూడో అర తలకిందులైంది.
రంగు వేయని అంచు మా వైపు తిరిగింది.
విప్పుదామంటే, అది పొట్టు అదిమి చేసిన చెక్క,
ఒకసారి పట్టిన మరని రెండోసారి పట్టదు.
ఉండనీ, అంది వదిన.
ఆ ఇంట్లో ఆమె గట్టిగా అన్న మొదటి మాట.

గుంటల వరస మీద నిలబెట్టాం.
వెనక చెక్క లేదు, ఇటునుంచి అటు కనబడుతుంది.
అప్పుడొచ్చింది అసలు పేచీ:
పుస్తకాల వెన్ను ఎటు?
అటు తిప్పితే మాకు కాగితాల అంచులు,
ఇటు తిప్పితే వాళ్లకి.
పేరు ఒకవైపే ఉంటుంది కదా, దేనికైనా.
నిరోష మాట్లాడకుండా సర్దింది:
తన ఒడియా పాఠాలు తన వైపు,
వాళ్ల నాన్న చదివిన తెలుగు పుస్తకాలు మా వైపు.
అట్టలూడిన ఆ వెన్నుల్ని
మేం చూసుకుంటామని నమ్మిందో,
తను చూడలేకో.

రాత్రి అవతల దీపం వెలిగింది.
పదహారు గళ్ల వెలుగు మా చాప మీద పడింది.
పిల్ల ఒక్కొక్క గడిలో ఏదో పెడుతోంది.
జామెట్రీ పెట్టె, దువ్వెన, ఆగిపోయిన చేతిగడియారం.
ఒక్కొక్క గడీ ఆరిపోతోంది.
లెక్కపెడుతూ పడుకున్నాను.
ఒకటి మాత్రం ఆర్పలేదు.
పొద్దున్నే అందులోంచి చెయ్యొక్కటే వచ్చి
టీగ్లాసు పట్టుకుపోయింది.

అర్ధరాత్రి వదిన దగ్గు
దగ్గులా మొదలై దగ్గు కాకుండా పోయేది.
ఇప్పుడూ వినిపిస్తుంది.
ముప్పావంగుళం పలక, ఏ చప్పుడునీ ఆపదు.
ఆగిందనే అనుకుంటాం,
ఇటు మేమూ, అటు వాళ్లూ.
ఫ్యాను వేసుకుంటున్నాం.

ఒక మర మిగిలింది.
ఎక్కడ తప్పామో బొమ్మమనిషి చెప్పడు.
నా చొక్కా జేబులోనే ఉంది,
ఉతికినప్పుడల్లా తీసి మళ్లీ వేసుకుంటాను.
ఇంతవరకైతే ఏదీ పడలేదు.